తొమ్మిదికి రెండు వేళ్లు తక్కువ

మార్చి ముప్పై ఒకటి, పొద్దున పది.
సైలో మెట్లు నూట అరవై ఎనిమిది.
ఎనభై దగ్గర నేను ఆగితే
ఓదెలు తనే అలసిపోయినట్టు నటించాడు,
తువ్వాల విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

పైన గాలి. దూరంగా రామగుండం పొగగొట్టాలు,
రాఘవాపురం దాటుతున్న గూడ్సు బండి.

పుస్తకం మాట: నాలుగు వేల నూట పన్నెండు టన్నులు.
కంట్రోల్ రూమ్ తెర మాట: మూడు వేల రెండు వందల చిల్లర.
సిమెంటు ఒకటే, సైలో ఒకటే.
కింద నీడలో నిలబడి స్టోర్సు సదానందం సారు
"ఐపోతది సార్, పగటీలికి ఐపోతది" అని
ఫోనులో ఎవరికో మాటిస్తున్నాడు.

మూత తెరిచాం.
సిమెంటు నీళ్లలా సమంగా నిలవదు.
పోసేటప్పుడు గుట్ట, తీసేటప్పుడు గుంట.
అడుగున గేటు తెరిస్తే నడుమది జారిపోతుంది,
గోడ పక్కది కదలదు.
తెరకు కబురు పంపే రాడార్
సరిగ్గా నడుమ వేలాడుతూ
గుంట అడుగునే మట్టమనుకుంటోంది,
ఏడాదిగా.

నా దగ్గర స్కానర్ ఉంది,
హన్మకొండ నుంచి బస్సులో
ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.
ఓదెలు దగ్గర తాడు. కొసకు ఇత్తడి గుండు,
మీటరుకో ముడి, ముడికో ఎర్ర పేలిక.
కప్పు మీద నాలుగు మూతలుంటే
మూడింటిని దాటి వెళ్లి
గోడకు ఏడున్నర అడుగుల దూరంలో కూచున్నాడు.

"అక్కడే ఎందుకు?"
"ఈడనే సరిగ జెప్తది బిడ్డా.
నడుమ ఏస్తె ఏడుస్తది, గోడకేస్తె మురుస్తది."

మొదటి ముడి జారగానే "లాభం" అన్నాడు.
రెండు. మూడు. నాలుగు.
సుల్తానాబాద్ మిల్లులో వడ్లు కొలిచిన నోరు,
ఒకటి అనడం దానికి రాదు.
గుండు ఆనింది. ఎత్తి మళ్లీ వదిలాడు, మూడుసార్లు.
దుమ్ము మీద ఆనుడు వేరంట,
సరుకు మీద ఆనుడు వేరంట.
"తొమ్మిది. రెండు వేళ్లు తక్కువ."

నా స్కానర్‌కు పదకొండు నిమిషాలు పట్టింది.
నలభై వేల చుక్కలు,
వాటన్నిటి సగటు ఎనిమిది పాయింటు తొమ్మిది ఏడు.

చలాను వెనక గరాటా బొమ్మ గీశాను,
పదో తరగతి శంఖువు సూత్రం రాశాను.
వాలు మీద సగటు ఎక్కడుంటుందంటే
గోడ నుంచి మూడో వంతు దూరంలో.
ఏడు మీటర్లలో మూడో వంతు...
పెన్ను ఆగిపోయింది.
"ఇదేంది?" అన్నాడు తొంగి చూసి.
"మీరు కూచున్న చోటు."
పెద్దగా ఆశ్చర్యపోలేదు.
"మొదట్ల నడుమనే ఏసేటోన్ని.
తిట్లు తినుకుంట జరిగిన, జరిగిన,
తిట్లు ఆగిన కాడ ఆగిన."

కిందికి దిగి హెచ్చవేస్తే
మూడు వేల ఎనిమిది వందల ఎనభై ఆరు.
తేడా గడిలో రెండు వందల ఇరవై ఆరు.
"సాంద్రత ఒకటి పాయింటు నాలుగే ఎందుకు మేడం,
నాలుగు ఎనిమిది వేస్తే దగ్గరికొస్తది గదా."
పొద్దున బకెట్లో నింపి, తట్టి, తూచింది నేనే.
కానీ అది బకెట్.
పద్దెనిమిది మీటర్ల బరువు కింద
అడుగు సిమెంటు ఎంత బిగిసి ఉందో
బకెట్‌కేం తెలుసు?
ఆయన అడిగిన అంకె అబద్ధమని
ఒట్టు పెట్టి చెప్పలేను.
అయినా వేయలేదు.
నా అంకె పక్కన
అరవై అటూ ఇటూ అని చేత్తో రాశాను.
ఆ ఫారంలో దానికి గడి లేదు,
అక్షరాలు గీత దాటి మార్జిన్లోకి వెళ్లాయి.

ఓదెలు స్పానర్‌తో సైలో గోడ మీద కొట్టాడు.
చెవి ఆనించి, రెండడుగులు జరిగి, మళ్లీ కొట్టాడు.
"లోపట గోడకు వట్టి రాయైంది
యాభై టన్నులన్న ఉంటది.
లెక్కల ఉంటది, లారీల ఎక్కది.
గిది నీ మిషిని జూడలె, నా తాడూ జూడలె."

దాన్ని ఎక్కడ రాయాలో తోచక
పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను.
సదానందం సారు ఫోను మోగుతోంది.
మోచేతికీ బొటనవేలికీ మధ్య
ఓదెలు తాడు చుట్టుకుంటున్నాడు.
ఎర్ర పేలికలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి,
ఈసారి వాటిని ఎవరూ లెక్కపెట్టడం లేదు.